పాత చిరునామా

"పిచ్చాళ్ళకీ తాగుబోతులకీ సేవ చేసొచ్చిన చేతులు. కడుక్కుని వడ్డించు," అన్నారు మా ఆయన. కడుక్కునే వచ్చాను. మళ్ళీ కడుక్కున్నాను. అప్పటికి మూడు వారాలుగా ఆయన ఏమన్నా ఎదురు చెప్పడం మానేశాను. నోరు తెరిస్తే ఆ ఒక్క సంగతీ బయటపడిపోతుందేమోనని భయం.

మనసు చెదిరి, మత్తుకు అలవాటుపడి రోడ్డున పడ్డవాళ్ళకు తలో గది, దానికో తాళంచెవి, వేళకు మందులు ఇచ్చే ఇంట్లో నేను కేర్‌టేకర్‌ని. మూడు వారాల క్రితం బస్టాండు నుంచి ఒకావిడను తీసుకొచ్చారు. యాభై దాటి ఉంటాయి. ఫారం నింపుతూ పాత చిరునామా అడిగాను. మా ఇంటి నంబరు చెప్పింది. తండ్రి పేరు మా మామగారిదే.

పెన్ను ఆగిపోయింది. విదేశంలో స్థిరపడిందని, ఇంట్లోవాళ్ళతో మాటల్లేవని అత్తయ్య చెబుతూ వచ్చిన మా ఆయన అక్క నా ఎదురుగా కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. "గదిలో పెట్టి గడియ వేసేవాళ్ళు. అదీ విసుగొచ్చాక బస్సెక్కించారు. తాగితేనే నిద్రొచ్చేది," అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

ఆ గదిలోనే నా కాపురం. తలుపుకు బయట గడియ ఎందుకని కొత్తలో అడిగితే మా ఆయన, "నువ్వు ఎక్కువ మాట్లాడితే వేయడానికి," అన్నారు. జోకనుకుని నేనూ నవ్వాను. వదిన దొరికిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఆమెకూ ఇలాగే మొదలైందేమో. చెయ్యి జారి గిన్నె పడితే, "మతి ఎక్కడ పెట్టుకున్నావ్?" అంటారు అత్తయ్య. రేపు నాకు జబ్బు చేస్తే నేను ఏ దేశంలో స్థిరపడతానో!

మా ఆయన చేతులు కడిగించిన మర్నాడు, మందులిస్తూ ఇక ఆగలేక, "వదినా, నేను మీ తమ్ముడి భార్యని," అన్నాను. ఆమె మాత్ర చేతిలోనే పట్టుకుని నా మొహం చూసింది.

"ఇంట్లో చెప్పాలనిపిస్తే చెప్పు. నన్ను మాత్రం అక్కడికి రమ్మనకండి. ఇక్కడ నా గదికి గడియ లోపలుంది."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర, గరిటె పక్కన పెట్టి వదిన సంగతి చెప్పేశాను. మా ఆయన తినడం ఆపి, "అక్కడ ఎవరికైనా తెలిసిందా, అది మా మనిషని?" అన్నారు.

అత్తయ్య మాత్రం, "బతికే ఉందా?" అన్నారు. కొడుకు వైపు చూడకుండా, "పొద్దున ఎన్నింటికి బయల్దేరతావ్? నేనూ వస్తా," అన్నారు.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళేది లేదు!" అని ఆయన అరిచారు.

"ముందు వదినని అడగాలి అత్తయ్యా," అన్నాను. "ఆవిడ సరేనంటేనే తీసుకెళ్తాను."