ఇంకొక్కటి మాస్టారు

ఆ వీధిలో ఫోటో స్టూడియో నడిపే పెద్దాయన్ని అందరూ ఇంకొక్కటి మాస్టారనే పిలుస్తారు. పిలవరూ మరి! పాస్‌పోర్టు ఫోటోకని వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఒకటి తీసి, అయిపోయింది అంటాడు. వాడు హమ్మయ్య అనుకుని భుజాలు దించేలోపే ఇంకొక్కటి అంటూ మళ్లీ నొక్కుతాడు. ఆయన మాట నమ్మి లేచినవాళ్లంతా మళ్లీ కూలబడ్డవాళ్లే.

నమ్మనిది ఒక్క ఆయన భార్యే. పెళ్లయిన కొత్తలోనే మొగుడి సంగతి పసిగట్టేసింది. లైట్లు సరిచూసుకోవడానికి రోజూ పొద్దున్నే ఆవిణ్ణే ఆ కుర్చీలో కూర్చోబెట్టేవాడు. అయిపోయిందన్నా, లేవమన్నా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయన్నా కదిలేది కాదు. పెద్దలైటు స్విచ్చు టక్కుమంటేనే లేచేది. కూతురు చిన్నప్పుడు ఎదురుగా వచ్చి వెక్కిరించినా, చక్కిలిగిలి పెట్టినా, పెదాలు బిగబట్టుకుని బొమ్మలా కూర్చునేది. మీ నాన్న మాటకంటే ఆ స్విచ్చు మాట నయమే అనేది.

అలాంటి ఒక పొద్దున మాస్టారు తీసిన ఫోటో చూసుకుని ముఖం చిట్లించాడు. ఆవిడ ఎడమకంటి రెప్ప కాస్త వాలినట్టుంది. ఇంకొక్కటి తీశాడు. లైటు అటు జరిపి ఒకటి, ఇటు జరిపి ఒకటి. రెప్ప వాలే ఉంది. మీ లైటు తగలెయ్య, నాకేం రోగం అని ఆవిడ విసుక్కుంది. ఆయన వింటేగా! చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోయాడు.

రోగం ఉండనే ఉంది. తలలో ఒక రక్తనాళం గోడ పలచబడి, బుడగలా ఉబ్బి, కంటి నరాన్ని నొక్కుతోందట. పగిలితే ప్రాణానికే ముప్పు. తల తెరవక్కర్లేదన్నాడు డాక్టరు. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పైదాకా పంపి, ఉబ్బిన చోట జల్లెడలాంటి స్టెంటు అమరిస్తే, రక్తం తన దారిన తను పోతుంది, బుడగ మెల్లిగా ఎండిపోతుంది. కాకపోతే మధ్యలో ఎక్కడైనా రక్తం గడ్డకట్టి అడ్డుపడిందంటే కుడిచెయ్యో, మాటో పడిపోవచ్చు. ఆ సంగతీ ముందే చెప్పాలి కదమ్మా అన్నాడు.

మాస్టారు భార్య కుడిచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అయినా డాక్టరు బొమ్మల విషయం ఎత్తేసరికి చెవులు నిక్కబొడుచుకున్నాయి. మామూలుగా ఒక బొమ్మ, రంగుమందు ఎక్కించి ఇంకో బొమ్మ తీస్తారట. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ఎముకలన్నీ మాయమై రక్తనాళాలే మిగులుతాయి. ఆ బొమ్మ చూసుకుంటూనే గొట్టం నడిపించాలి. తల కదిలిందా, బొమ్మ చెదిరిపోయినట్టే. ఆవిడకి ఆయాసం ఉంది కాబట్టి తేలిక మత్తుతో సరిపెడితే మంచిది, కానీ కదలకుండా ఉండగలరా అని డాక్టరు సందేహించాడు.

"మా ఆవిడ సంగతి మీకు తెలీదు డాక్టరుగారూ. లైటు కింద పడుకోబెట్టండి, ఇంక చూసుకోండి" అన్నాడు మాస్టారు, ఛాతీ విరుచుకుని.

ఆ రోజు లోపల పని జరుగుతున్నంతసేపూ బయట వరండాలో ఆయన కాలు ఒకచోట నిలవలేదు. కూతురు కూర్చోమంటే కూర్చోవడం, వెంటనే లేవడం. చివరికి నర్సు బయటికొచ్చింది. స్టెంటు చక్కగా కూర్చుందనీ, ఆవిడ అసలు కదల్లేదనీ చెప్పింది. మాస్టారు నవ్వబోయాడు. కానీ ఇప్పుడు చెయ్యెత్తమంటే ఎత్తడం లేదు, పలకరిస్తే పలకడం లేదు, మత్తు వదిలినట్టే ఉంది, తెలిసిన గొంతు వింటే పలుకుతారేమోనని డాక్టరుగారు మిమ్మల్ని రమ్మంటున్నారు అంది. కూతురు గోడకి ఆనుకుని ఏడ్చేసింది.

మాస్టారు కాళ్లీడ్చుకుంటూ లోపలికి వెళ్లాడు. ఆవిడ వెల్లకిలా పడుకుని పైకప్పు వంక చూస్తోంది. అయిపోయిందమ్మా, ఒక్క వేలు కదపండి అని డాక్టరు బతిమాలుతున్నాడు. మాస్టారు ఆవిడ కుడిచెయ్యి పట్టుకున్నాడు. పట్టులేదు. అయిపోయింది, లే అన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. ఈ చెయ్యి పడిపోవడానికి నేనే ఒప్పుకున్నానా, నేనే పంపానా అనుకుంటూ ఆవిడ ముఖం మీదికి వంగాడు.

అప్పుడు చూశాడు. గడ్డం ఒకింత పైకెత్తి ఉంది. పెదాలు బిగబట్టి ఉన్నాయి. ఆ గడ్డం అలా ఎత్తడం నేర్పింది ఆయనే. మెల్లిగా తలెత్తి పైకి చూశాడు. ఆవిడ ముఖం మీద పెద్దలైటు వెలుగుతోంది.

"ఆ లైటు ఆర్పండి" అన్నాడు.

నర్సు డాక్టరు వంక చూసింది. ఈయనకేమైనా మతిపోయిందా అన్నట్టు డాక్టరు ఈయన వంక చూశాడు.

"ఒక్కసారి ఆర్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

స్విచ్చు టక్కుమంది. ఆవిడ గుండెనిండా ఊపిరి పీల్చుకుని వదిలింది. కుడిచెయ్యి మొగుడి చేతిలోంచి లాక్కుని, నుదుటి మీద పడ్డ జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.

"ఇంతసేపా అండీ? మెడ పట్టేసింది. ఇప్పటికైనా బాగా వచ్చిందా?"

డాక్టరు స్టూలు మీద కూలబడి పగలబడి నవ్వాడు. మాస్టారికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అయిపోయిందని ఇంతమంది చెబుతుంటే పలకవేమే అని గదమాయించాడు. మీరూ అదే మాట అన్నారుగా, ఇంకెలా నమ్మను అంది ఆవిడ.

డాక్టరు తెరమీద ఆఖరి బొమ్మ చూపించాడు. నల్లటి కొమ్మల్లాంటి రక్తనాళాలు, వాటి మధ్య సన్నటి జల్లెడ. మాస్టారు కళ్లు తుడుచుకుని దాన్ని తనివితీరా చూశాడు.

"బాగా వచ్చింది. ఒక్కటి చాలు" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆయన నోటివెంట ఆ మాట రావడం అదే మొదలు. డాక్టరు మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు. బుడగ ఎండిందో లేదో చూడాలి కదా, ఆరు నెలలు పోయాక ఇంకొక్కటి తియ్యాల్సి ఉంటుందన్నాడు.

మాస్టారు బెదురుగా భార్య వంక చూశాడు. జీవితమంతా ఆ మాట మీద విసుక్కున్న మనిషి, వాలిన రెప్ప కింద నుంచి డాక్టర్ని చూసి నవ్వింది.

"ఇంకొక్కటేం ఖర్మ బాబూ, ఎన్నైనా తియ్యండి. కూర్చోడానికి నేనున్నాగా."