గండికోట అంచున నాలుగో మనిషి

నేను ఒక రిఫ్లెక్టర్‌ని. ఆ పేరు వినలేదా? పోనీ, ఫోటోగ్రాఫర్ పక్కన ఎవరో ఒకరు పెద్ద గుండ్రటి పళ్లెం లాంటిది పట్టుకుని, ఎండను ఇంకొకరి మొహం మీదికి మళ్లిస్తూ నిలబడటం చూసే ఉంటారు. ఆ పళ్లెమే నేను. ఒక పక్క వెండి రంగు, ఇంకో పక్క బంగారు రంగు, చుట్టూ బట్టలో కుట్టిన ఉక్కు పట్టీ. ఫోటో బాగా వస్తే కెమెరా ఎంత మంచిదో అంటారు. పాడైతే లైటింగ్ బాగాలేదంటారు. కష్టం నాది, పేరు దానిది. లోకం తీరే అంత, దానితో పేచీ పెట్టుకుని లాభం లేదు.

నా ఉద్యోగంలో ఉన్న నియమం ఒక్కటే, ఫోటోలో కనపడకూడదు. నా అంచు రవ్వంత పడినా ఆ ఫోటో దండగే. నేను వెలుగు ఇవ్వాలి, ఎవరిచ్చారో తెలియకూడదు. ఇన్నేళ్లలో ఒకే ఒక్కసారి నన్ను ఫోటోలోకి పిలిచారు. అది చెప్పుకోవడానికే మిమ్మల్ని కూర్చోబెట్టాను.

నేను పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. అక్కడ నన్ను మెలితిప్పి, మూడు చుట్లుగా మడిచి సంచిలో కుక్కారు. సంచి జిప్పు తీయగానే నేను ఫట్టున విచ్చుకుంటాను. తీసినవాడు అదిరిపడి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. నాకున్న వినోదం అదొక్కటే. మళ్లీ మడవాలంటే మాత్రం అందరివల్లా కాదు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా నాతో కుస్తీ పట్టి, చివరికి నన్ను ఎనిమిది ఆకారంలో చంకన పెట్టుకుని పోయారు.

నా మొదటి యజమాని ప్రొద్దుటూరు సుబ్బరాయుడు, పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు. ఆయన దగ్గర నాకు దక్కిన మర్యాద చెప్పుకోకపోవడమే మేలు. కరెంటు పోతే పెళ్లికూతురికి నాతో విసిరేవాళ్లు. భోజనాల దగ్గర నన్ను బోర్లా వేసి లడ్డూలు పేర్చారు. వానొస్తే పంతులుగారి నెత్తిమీద గొడుగును కూడా అయ్యాను. కళ్లు మసకలు కమ్మి సుబ్బరాయుడు పని మానేసినప్పుడు, నన్ను తన శిష్యుడు మాబాషా చేతిలో పెట్టాడు. "జాగ్రత్తరా, ఇది ల్యాకపోతే నువ్వు తీసేవన్నీ దయ్యాల ఫోటోలే," అన్నాడు. ఆ మాటతో పాతవన్నీ క్షమించేశాను.

మాబాషాది జమ్మలమడుగు. పక్కనే గండికోట. పెన్న నది కొండను నిలువునా కోసుకుని పారే చోటు అది. రెండు వైపులా ఎర్రటి బండలు, ఎవరో ఓపిగ్గా పేర్చి పెట్టినట్టు అడుగు దాకా దిగిపోతాయి. దాన్ని చూడటానికి వచ్చే యాత్రికులే మాబాషాకు గిరాకీ. "మీ ఒక్కరికోసం, జనం లేని చోట, పొద్దుపొడుపు వెలుగులో ఫోటోలు" అని ఫోన్లో బొమ్మలు పెడతాడు. చూసినవాళ్లు ఊరు దాటకముందే ఫోన్ చేసి బుక్ చేసుకుంటారు. అతను కెమెరా పట్టుకుంటాడు, అతని భార్య షమీమ్ నన్ను పట్టుకుంటుంది.

షమీమ్‌కు ఇంకో పని కూడా ఉంది. ముగ్గురు కలిసి ఫోటో దిగితే ఒకరికి కీడని మనవాళ్ల నమ్మకం కదా. ముగ్గురే వస్తే షమీమ్ నన్ను ఒక రాయికి ఆనించి, నాలుగో మనిషిగా వాళ్ల పక్కన వెళ్లి నిలబడేది. తర్వాత మాబాషా ఆమెను కంప్యూటర్లో కత్తిరించేసేవాడు. అయినా ఎక్కడో ఒకచోట ఆమె భుజమో కొంగో మిగిలిపోయేది. ఎన్ని ఊళ్లలో ఎన్ని ఇళ్ల గోడల మీద షమీమ్ భుజం వేలాడుతోందో ఆ అల్లాకే తెలియాలి. కీడును ఇంత సులువుగా మోసం చేయొచ్చనుకునే మనుషులంటే నాకు నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది.

ఒకసారి అమలాపురం నుంచి వీర్రాజు అనే ఆయన ఫోన్ చేశాడు. బెలుం గుహలు చూసి వస్తున్నామని, భార్యా తనూ పాపా ఉంటామని, మంచి ఫోటో ఒక్కటి కావాలని చెప్పాడు. "మా పాప వచ్చాక ముగ్గురం కలిసి తీయించుకునే మొదటి ఫోటో అండి. బాగా రావాలి," అన్నాడు. ముగ్గురన్న మాట మాబాషా విన్నాడుగానీ లెక్క వేసుకోలేదు. ఆ వారమే షమీమ్ చెల్లెలి పెళ్లికని పుట్టింటికి పోయింది. "పొద్దు పొడవకముందే కోట వాకిలి కాడికి వచ్చేయండన్నా, మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు మాబాషా ధీమాగా.

తెల్లారేసరికి వాళ్లు వచ్చారు. వీర్రాజు బొద్దుగా, హడావిడిగా ఉన్నాడు. భార్య భానుమతి ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. వాళ్ల మధ్య ఏడేళ్ల తులసి, కొత్త గౌను నలగకుండా రెండు చేతులతో పట్టుకుని నడుస్తోంది. మాబాషా వాళ్లను కోట దాటించి, యాత్రికులు ఎవరూ రాని ఒక వెడల్పాటి బండ మీదికి తీసుకెళ్లాడు. లోయ అవతలి గట్టు మీద సూర్యుడు తొంగిచూశాడు. ఎర్రటి గోడలు పైనుంచి కిందికి ఒక్కో వరుసా వెలుగుతూ వచ్చాయి. అడుగున పెన్న ఇంకా చీకట్లోనే ఉంది. ఆ పొద్దుపొడుపు నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఇంత వెలుగులో నా వంతు ఈ కాస్తేనా అనిపిస్తుంది.

మాబాషా నన్ను ఒక రాయికి ఆనించి, "ముగ్గురూ దగ్గరికి జరగండి," అన్నాడు.

భానుమతి కదల్లేదు. "ముగ్గురం వద్దండి," అంది.

"అది కాదే భానూ, ఇంత దూరం వచ్చింది దీనికోసమే కదా," అన్నాడు వీర్రాజు.

"నన్ను బలవంతం చేయకండి. ఇద్దరిద్దరం దిగుదాం."

వీర్రాజు మాబాషాను పక్కకు లాగి గొంతు తగ్గించి చెప్పాడు. పెళ్లయిన చాలా ఏళ్లకు వాళ్లకో బాబు పుట్టాడు. బారసాలనాడు ముగ్గురూ ఫోటో దిగారు. నెల తిరక్కుండానే బాబు పోయాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఎదురుచూసి, ఎన్నో ఆఫీసులు తిరిగి, ఉగాదికి తులసిని పెంచుకోవడానికి తెచ్చుకున్నారు. ఇంట్లో తులసి ఫోటోలు బోలెడన్ని ఉన్నాయి. అమ్మతో ఉన్నవి, నాన్నతో ఉన్నవి. ముగ్గురూ కలిసింది మాత్రం ఒక్కటీ లేదు. "పిల్ల పైకి ఏమీ అనదండి. ఆల్బమ్ మాత్రం ఊరికే తిప్పి తిప్పి చూస్తా ఉంటుంది," అన్నాడు.

మాబాషా తల పట్టుకున్నాడు. షమీమ్ లేదు. జనం లేని చోటు ఇస్తానని గొప్పగా చెప్పి తెచ్చాడు, ఇప్పుడు నాలుగో మనిషి కావాలంటే కాకులే దిక్కు. తానే నిలబడదామంటే ఆ గాలికి కెమెరా స్టాండు నిలవదు. చివరికి వాళ్ల వృత్తిలో ఉన్న ఉపాయమే చెప్పాడు, మంచి మనసుతోనే.

"ఏం పర్వాల్యామ్మా. మీరిద్దరూ మధ్యలో కొంచెం సందు పెట్టి నిలబడండి. పాపను యిడిగా తీసి తర్వాత కంప్యూటర్లో అతికిస్తా. కలిసి దిగినట్టే ఉంటాది, కలిసి దిగినట్టు కాదు."

పెద్దవాళ్లకు అది బాగానే ఉందనిపించింది. వాళ్లు తులసి వైపు చూడలేదు. నేను చూశాను. ఆ పిల్ల మొహంలో ఏడుపేమీ లేదు. ముందే తెలిసిన సంగతి మళ్లీ ఒకసారి విన్నట్టు తల ఊపింది, అంతే.

అంతలో గాలి విసిరి నన్ను రాయి మీంచి దొర్లించింది. తులసి పరుగున వచ్చి నన్ను పట్టుకుంది. "నేను ఈ లైటు పట్టుకుంటానులెండి. మీరిద్దరూ దిగండి," అంది. వచ్చి ఇన్ని నెలలైనా ఆ పిల్ల ఇంకా వాళ్లను అండీ అనే అంటోంది.

నన్ను ఎందరో పట్టుకున్నారు. అంత శ్రద్ధగా పట్టుకున్నవాళ్లు లేరు. గడ్డం నా అంచుకు ఆనించి, వెలుగు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ, అటూ ఇటూ తిప్పి సరిగ్గా వాళ్ల మొహాల మీద నిలిపింది. తనను తీసేసిన ఫోటో బాగా రావాలని అంత తాపత్రయపడే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఉక్కు పట్టీకి ఏడుపేమిటని మీరు నవ్వితే నవ్వుకోండి.

నేను వేసిన వెలుగులో భానుమతి మొహం స్పష్టంగా కనిపించింది. కళ్లనిండా నీళ్లు. "దాన్ని పక్కకు తిప్పమ్మా, కళ్లు మండుతున్నాయి," అంది.

తులసి నన్ను కిందికి వంచింది. వెలుగు పోయినా భానుమతి కన్నీళ్లు ఆగలేదు. పిల్ల కాసేపు చూసి, నెమ్మదిగా అడిగింది. "నేను ఉంటే ఫోటో బాగోదాండి?"

భానుమతి వచ్చి ఆ బండ మీద, పట్టుచీరతోనే, తులసి ఎదుట చతికిలబడింది. "బాగోకపోవడం ఏంటే, పిచ్చిదానా. నాకు భయం. అంతే. నీకంటే ముందు మాకో బాబు ఉండేవాడు. ముగ్గురం ఫోటో దిగాం, వాడు పోయాడు. నువ్వు కూడా పోతావేమోనని దిగట్లేదు. నువ్వు అక్కర్లేక కాదమ్మా."

తులసి నా అంచు వదలకుండానే తల అడ్డంగా ఊపింది. "నేను పోనండి," అంది. కాస్త ఆలోచించి, "నలుగురైతే పర్లేదాండి?" అని అడిగింది.

"పర్లేదు."

"అయితే దీన్ని కూడా లెక్కేయండి."

వీర్రాజు నవ్వబోయి ఆగిపోయాడు. "అది మనిషి కాదు కదమ్మా."

"మనిషేనండి. గాలికి పడిపోతుంటే గట్టిగా పట్టుకున్నా. వణికింది కూడా."

భానుమతి నా వైపు చూసింది. మనుషులెవరూ నన్ను అలా చూడలేదు. నా మీద పడే ఎండనే చూస్తారు. ఆమె చెయ్యి చాపి నా అంచు తడిమింది. నేను నిజంగానే వణికాను, గాలి లేకపోయినా. "సరే, నలుగురం," అంది.

మాబాషా కెమెరా ఎత్తి మళ్లీ దించాడు. రిఫ్లెక్టర్ పడిన ఫోటో బయటికి వస్తే జమ్మలమడుగులో సాటి ఫోటోగ్రాఫర్లు ఆరు నెలలు నవ్వుకుంటారు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. "పోనీ, నవ్వుకోనీలే," అని తనకు తానే చెప్పుకుని, నన్ను వాళ్ల చేతుల్లో ఎలా పట్టుకోవాలో చూపించాడు.

ముగ్గురూ ఎండకు వీపు పెట్టి నిలబడ్డారు. తులసి మధ్యలో. ముగ్గురూ నన్ను మూడు వైపులా పట్టుకుని, నడుము ఎత్తులో కాస్త వంచారు. నా వెండి పక్క వాళ్ల వైపు, బంగారు పక్క కెమెరా వైపు. సూర్యుడు వాళ్ల భుజాల మీదుగా వచ్చి నాలో పడ్డాడు. ఆ వెలుగునంతా కూడదీసుకుని ముగ్గురి మొహాల మీదికీ ఒక్కసారే పంపాను. ఇన్నాళ్లూ దూరం నుంచి వెలుగు విసిరానుగానీ, మనుషుల మధ్యలో నిలబడి వెలగడం అదే మొదలు. భానుమతి చెంపల మీద తడి ఇంకా ఆరలేదు. వీర్రాజు ఫోటో సంగతే మర్చిపోయి పిల్లను చూస్తున్నాడు. తులసి నాలోకి వంగి, "కదలకు," అని నాకు చెప్పింది. వాళ్ల వెనక లోయ మొత్తం ఎర్రగా వెలుగుతోంది. అంత పెద్ద లోయ ఆ మూడు మొహాల ముందు చిన్నదై కనిపించింది. కాలం బండల్ని చెక్కుతుందంటే నమ్మాను. ఒక చిన్న మాట మనిషి మొహాన్ని అంతలో అలా మార్చేయడం మాత్రం అప్పుడే చూశాను. ఇప్పటికీ నా ఆశ్చర్యం తీరలేదు.

మాబాషా ఒకే ఒక్కసారి నొక్కాడు. రెండోది తీయలేదు.

మరుసటి ఏడు ఎండలు తగ్గాక వీర్రాజు మళ్లీ ఫోన్ చేసి బుక్ చేశాడు. అదే బండ, అదే పొద్దు. ఈసారి షమీమ్ ఉంది. ముగ్గురూ నిలబడగానే అలవాటుగా నన్ను రాయికి ఆనించి, కొంగు సర్దుకుంటూ వాళ్ల పక్కకు నడిచింది.

"వద్దమ్మా షమీమ్. ముగ్గురమే దిగుతాం," అంది భానుమతి.

వీర్రాజు తిరిగి చూశాడు. "ఏమే, నిజంగానే అంటున్నావా?"

"పోయినేడు దిగాంగా. ఏమైందండీ? పిల్ల గౌన్లన్నీ పొట్టివయ్యాయి, అంతే కదా."

"మరి అది?" అని తులసి నన్ను చూపించింది.

"దాని పని దాన్ని చేసుకోనీయవే."

"అయితే అమ్మా, నువ్వు మధ్యలో నిలబడు. నాన్నా, నువ్వు ఇటు రా," అంటూ తులసి ఇద్దరినీ చెరో చేత్తో లాగింది. ఆ పిల్ల నోట అండీ పోయిన సంగతి వాళ్లకు తట్టలేదు. నాకు మాత్రం ఠక్కున తగిలింది. షమీమ్ నన్ను ఎత్తి పట్టుకుంది.

"షమీమూ, దాని అంచు పడతాంది, జరుగు," అన్నాడు మాబాషా.

షమీమ్ నాతోపాటు పక్కకు జరిగింది. ఫోటోలోంచి నన్ను జరగమన్నందుకు అంత సంతోషపడటం నా జీవితంలో అదొక్కసారే.

తర్వాతి వేసవిలో ఈదురుగాలికి నా ఉక్కు పట్టీ విరిగింది. ఇప్పుడు నేను సంచిలోంచి ఫట్టున లేవలేను, ఎవరినీ అదరగొట్టలేను. మాబాషా నన్ను పారేయబోతే షమీమ్ మిద్దె మీదికి తీసుకుపోయింది. నా మీద మిరపకాయలు ఆరబోస్తుంది. వాటిని తిరగేయడానికి ఆమె వంగినప్పుడు ఎండ నా మీంచి ఆమె మొహం మీద పడుతుంది. ఆ వెలుగులో ఆమె ఎంత బాగుంటుందో తీయడానికి అక్కడ కెమెరా ఉండదు. మాబాషాకు ఒకసారి మిద్దె ఎక్కి చూడరాదూ అని చెప్పాలని ఉంటుంది.

మిద్దె కిందనే ఉన్న తన షాపులో మాబాషా ఆ మొదటి ఫోటో పెద్దది చేసి గోడకు పెట్టాడు. బుకింగ్ కోసం వచ్చినవాళ్లంతా దాని ముందు ఆగుతారు. మిద్దె మెట్లు షాపు పక్కనే కాబట్టి మాటలన్నీ నాకు వినిపిస్తాయి.

"అన్నా, ఫోటో చానా బాగుంది. మధ్యలో ఆ బంగారు పళ్లెం ఏంది?" అని అడుగుతారు.

"పళ్లెం కాదన్నా," అంటాడు మాబాషా. "వాళ్ల మనిషి."