మిగిలిన మూడు నిమిషాలు

రేపు అక్క గొంతుకు ఆపరేషన్. తర్వాత గొంతు ఎలా ఉంటుందో చెప్పలేమని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ లోపు రోజుకు నలభై నిమిషాలకు మించి మాట్లాడొద్దన్నాడు. అందుకే అక్క వంటింటి టైమరు పట్టుకుని నా స్టూడియోకు వచ్చింది. నోరు తెరిచేముందు నొక్కుతుంది, ముయ్యగానే ఆపుతుంది.

పదిహేనేళ్లుగా కార్టూన్ సినిమాలకు గొంతిచ్చిన మనిషి. సొంత కూతురికి మాత్రం ఒక్క కథయినా రికార్డు చేసి పెట్టలేదు. ఇవాళ అది చేసి తీరాలి.

నేనేమో వారం క్రితమే స్టూడియో కంప్యూటర్లో పాత సిస్టమ్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాను. పాతది ఓ గాయకుడు పాట మధ్యలో ఉండగా తనంతట తానే అప్‌డేట్ మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండింది. నా మాట వినేది, లోపల ఏముందో విప్పి చూసుకోగలిగేది కావాలనుకున్నాను. తోటి రికార్డిస్టులు నవ్వారు. "ఉచితంగా వచ్చింది కదా, రికార్డులో టిక్కుటిక్కు చప్పుళ్లు కూడా ఉచితమేలే!" అన్నారు. ఆ మాట నన్ను వారంగా తొలిచేస్తోంది.

"ఇవాళ ఈ కొత్తదానితో వద్దురా, ఇంకెవరి స్టూడియోలోనైనా చేద్దాం," అంది అక్క.

"నువ్వు చూస్తూ ఉండక్కా," అన్నాను.

ఇందులో ఏ మైకు ఎక్కడికి వెళ్లాలో తెర మీద మనమే గీతలు లాగి కలపాలి. లాగాను. అద్దానికి అవతల అక్క కథ మొదలుపెట్టింది. నా గది స్పీకర్లలో ఆమె గొంతు హాయిగా మోగింది. తెర మీద అలలు కదిలాయి. కథ మాత్రం నా చెవికెక్కలేదు. చూపంతా తెర మూలనున్న ఒక అంకె మీదే. శబ్దం ఎక్కడ తెగినా ఆ అంకె పెరుగుతుంది. సున్నా. కాలు ఊపాను. పెన్ను టకటకలాడించాను. లేచాను, కూర్చున్నాను. "పెరగకే తల్లీ," అని గొణిగాను. ఇంకా సున్నాయే.

టైమరులో ముప్ఫై ఏడు నిమిషాలు గడిచేసరికి కథ అయిపోయింది. అక్క టైమరు ఆపి, మిగిలిన మూడు నిమిషాలూ ఇంట్లో కూతురి కోసమని సైగ చేసింది. నేను ఛాతీ విరుచుకుని రికార్డయింది వినిపించాను.

ముందు నా కుర్చీ కిర్రుమంది. తర్వాత పెన్ను. తర్వాత, "పెరగకే తల్లీ." వీటన్నిటి వెనకాల ఎక్కడో, పక్కింటి రేడియోలా అక్క గొంతు.

అద్దం అవతలున్నవాళ్లతో మాట్లాడటానికి నా బల్ల మీద ఓ చిన్న మైకు ఉంటుంది. అక్క మైకును స్పీకర్లకు కలిపి, రికార్డుకు దీన్ని కలిపాను. స్పీకర్లలోంచి వచ్చిన గొంతు దీనిలో పడి అలలు కదులుతుంటే అంతా బాగుందనుకున్నాను. సిస్టమ్ తప్పేమీ లేదు. నేను చెప్పిందే చేసింది.

అంకె చూస్తూ చెవి పెట్టలేదని అక్కతో ఒప్పుకుని, గీత మార్చి, రికార్డు నొక్కాను. ఏడుపొచ్చేసింది. "అక్కా, కథలో మొదటి నాలుగు మాటలైనా..."

ఇంకా మైకు ముందే ఉన్న అక్క టైమరు వైపు చూసింది. నా వైపు చూసింది. టైమరు నొక్కింది.

"ఒరేయ్ తింగరి సన్నాసీ! వద్దురా అని చెప్పానా లేదా? చిన్నప్పుడు గడియారం బాగుచేస్తానని విప్పావు, వారం రోజులు బడికి ఆలస్యంగా వెళ్లాం. నాన్న రేడియో విప్పావు, మిగిలిపోయిన మరలు నా పెన్సిళ్ల డబ్బాలో దాచావు, వీపు విమానం మోత మోగింది నాకు! అంకె చూస్తూ కూర్చుంటావా? మరి చెవులెందుకురా నీకు?"

మధ్యలో ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే, టైమరు మోగేదాకా తిట్టింది. మోగగానే నోరు మూసుకుని, చెంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం మారిపోయింది, సన్నగా, బొంగురుగా. అక్క దానికి అలవాటు పడింది. నేనింకా పడలేదు.

ఆ కథను నానా తంటాలు పడి కొంత శుభ్రం చేసిచ్చాను. మేనకోడలు ఒక్కసారి విని ఊరుకుంది. స్టూడియోకు వచ్చినప్పుడల్లా నా ఒళ్లోకెక్కి అడిగేది ఒక్కటే.

"మామయ్యా, అమ్మ నిన్ను తిట్టే కథ పెట్టవా?"

పెడతాను. ఇద్దరం కదలకుండా కూర్చుని వింటాం.