సీలౌ ఊరి పెద్ద

"ఆదివారం రావే, చేపల భోజనం చేసి సరస్సు ఒడ్డున హాయిగా కూర్చుందాం. సాయంత్రం పడవకి వెళ్ళిపోదువుగాని" అని ఒటీలియా ఫోన్ చేసినప్పుడే నాకు అనుమానం రావలసింది. చిన్నప్పటి నుంచీ ఎరుగుదును, అది ఒకచోట హాయిగా కూర్చునే మనిషి కాదు. అయినా బుద్ధి గడ్డి తిని బయల్దేరాను.

ఒటీలియా ఉండే ఆ సీలౌలోనే నేనూ పుట్టాను. వెనక కొండ, ముందు సరస్సు, మధ్యలో తొంభై మంది జనం. మంచం పట్టిన నాన్నకి పదహారేళ్ళు చాకిరీ చేశాను. ఆయన పోయాక, అరవై ఒకటో ఏట, లూసర్న్ పట్నంలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. కిటికీ తీస్తే రైళ్ళు కనిపిస్తాయి. పొద్దున్నే "రెగూలా" అని పిలిచి లేపేవాళ్ళు లేరు. జీవితంలో నాకంటూ దొరికింది ఆ గది ఒక్కటే. అయితే ఒక తెలివితక్కువ పని చేశాను. ఊరు వదిలేటప్పుడు పంచాయితీ ఆఫీసులో ఉన్న నా నివాస కాగితాలు వెనక్కి తీసుకోలేదు. రేపు, ఎల్లుండి అంటూ ఆరు నెలలు బద్ధకించాను. కాగితాలు సీలౌలో ఉన్నంతకాలం మనిషి ఎక్కడ తిరిగినా సీలౌ మనిషే.

ఒటీలియా వెన్నలో వేయించిన చేపలు అడగకుండానే రెండోసారి వడ్డించింది. "ఊరి సభ ఉంది, ఓ పావుగంట కూర్చుని పోదాం. అందరూ నిన్ను చూసి సంతోషిస్తారు" అంది. ఎనిమిదేళ్ళుగా ఊరి పెద్ద అదే కదా, సరే అన్నాను.

సభ పాత బడిలో జరిగింది. పిల్లల బల్లల్లో మోకాళ్ళు ఇరికించుకుని ముప్ఫై మంది కూర్చున్నాం. పాల కేంద్రం నడిపే ముసలి మైన్‌రాడ్ సరిగ్గా గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు. అప్పుడు కూడా నాకు వెలగలేదు.

"నా గడువు అయిపోయింది. కొత్త పెద్దగా రెగూలా పేరు చెబుతున్నాను" అంది ఒటీలియా, నా వైపు చూడకుండా.

మా దగ్గర ఆ పదవి కావాలని ఎవరూ అడగరు. చేతులెత్తి ఎవరిని ఎన్నుకుంటే వాళ్ళు నాలుగేళ్ళు మోయవలసిందే. ఇంకెవరూ దొరక్కపోతే మళ్ళీ పాత పెద్దే. అరవై అయిదు దాటితేనో, మంచాన పడితేనో తప్ప విడుదల లేదు. కొండచరియ జారితే గంట కొట్టవలసింది ఊరి పెద్దే గనుక ఊళ్ళోనే పడుకోవాలి. గడువు తీరేదాకా కాగితాలు తీసుకుని వేరే ఊరు పోవడానికీ వీల్లేదు.

"నేనుండేది లూసర్న్‌లో" అన్నాను.

"కాగితాలు ఇక్కడే ఉన్నాయిగా తల్లీ" అన్నాడు మైన్‌రాడ్.

"రేపే తీసుకుపోతాను."

"రేపటి సంగతి రేపు. సభ ఇవాళ కదా."

అందరూ నవ్వారు. నాకు మోకాళ్ళ నొప్పులన్నాను.

"పరిగెత్తే పనేం కాదులే. మీ నాన్ననే పదహారేళ్ళు భరించావు. మేం అంత మొండివాళ్ళం కాదు" అన్నాడు మైన్‌రాడ్.

చేతులు లేచాయి. అన్నిటికంటే ముందు లేచింది ఒటీలియా చెయ్యి. నా గది, నా కిటికీ, నా నిద్ర, అన్నీ ఆ చేతుల కింద పడి నలిగిపోయాయి. ఏడుపొచ్చింది. వీళ్ళ ముందు ఏడవడం ఇష్టంలేక పళ్ళ బిగువున ఆపుకున్నాను.

బయటికి రాగానే ఆఫీసు తాళాలు నా చేతిలో పెట్టి, దాంతోపాటు ఒక కాగితం అందించింది ఒటీలియా. అది ఊరు వదిలి వెళ్ళడానికి అనుమతి పత్రం. ఒటీలియా పేరు మీదే రాసి ఉంది. ఊరి పెద్ద సంతకం ఒక్కటే తక్కువ. గోడ పక్కన పెట్టె కూడా సర్ది సిద్ధంగా ఉంది.

"నన్ను మోసం చేశావే" అన్నాను.

"చేశాను. మా అక్క పోయేముందు రెండు నెలలు తోడుండమని బతిమాలింది. గంట కొట్టే దిక్కు లేదని వీళ్ళు నన్ను కదలనివ్వలేదు. నువ్వు తిట్టు, పడతాను. సంతకం మాత్రం పెట్టు."

జాలి వేసింది. జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది. సంతకం పెట్టాను. ఒటీలియా పెట్టె పట్టుకుని నాలుగున్నర పడవ ఎక్కేసింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

అదే పడవలో వచ్చి దిగిన ఒక జంట ఒడ్డున నిలబడి ఉంది. జ్యూరిక్ వాళ్ళట, ఒక పూట సరదాగా గడపడానికి వచ్చారు. ఆ అమ్మాయి సరస్సుకేసి చూసి, "ఎంత ప్రశాంతంగా ఉందండీ. ఇక్కడ ఇళ్ళు అద్దెకి దొరుకుతాయా?" అని అడిగింది.

ఆమెను ఎగాదిగా చూశాను. ముప్ఫై అయిదుకి మించవు. మనిషి ఆరోగ్యంగా ఉంది.

"ఎందుకు దొరకవమ్మా, ఇవాళే ఒకటి ఖాళీ అయింది. రండి, చూపిస్తాను" అన్నాను, వీలైనంత ముద్దుగా. "నచ్చితే కాగితాలు కూడా ఇక్కడికే మార్చుకోండి. పెద్ద పనేం కాదు, నేనే చేసిపెడతాను."