నిండు బస్సు

అతను ఆ వాలు మీదికి బస్సును నాలుగోసారి తీసుకొచ్చాడు. వాలు చివర స్టాపు. బ్రేకు తొక్కాడు. యాభైమంది కూర్చున్న బస్సు తెల్లగీత దాటకుండా బుద్ధిగా ఆగింది. అతను కంప్యూటరు తెర వైపు చూస్తూ మొహం చిట్లించాడు.

"మళ్ళీ ఆగింది," అన్నాడు.

"ఆగితే మంచిదేగా," అంది వంటింట్లోంచి భార్య. "ఆగకపోతే ఏడవాలి గానీ."

"అంత తొందరగా ఆగకూడదే."

ఆరేళ్ళుగా అతను పొద్దున్నే లేవడం, పనికి వెళ్ళేలోపు ఓ గంటసేపు లేని బస్సును నడపడం ఆమెకు అలవాటైపోయింది. 'జీతం లేని డ్యూటీ' అని దానికి పేరు కూడా పెట్టింది.

ఆ మాట అబద్ధం కాదు. రోడ్డు మీద బస్సు ఎలా నడుస్తుందో కంప్యూటరులో అచ్చం అలాగే నడిచే సాఫ్ట్‌వేరు అది. ఎక్కడెక్కడివాళ్ళో పదిహేనుమంది, ఒకరి మొహం ఒకరు చూడకుండానే, తీరిక దొరికినప్పుడల్లా తలా ఓ చెయ్యి వేసి తయారు చేస్తున్నారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. కూతురు తన పాత కంప్యూటరు ఇంట్లో వదిలి అత్తారింటికి వెళ్ళినప్పుడు అతనికి ఇది దొరికింది. ఒక మలుపు తిప్పి చూసి, రెండు వేళ్ళతో టైపు చేసి, వాళ్ళకు ఒక్క వాక్యం పంపాడు: 'ఇది బస్సు కాదు, తడి సబ్బుబిళ్ళ.'

అవతల నవ్వుకున్నారు. తర్వాత చూసుకుంటే టైర్ల పట్టు లెక్క నిజంగానే తప్పు. అప్పటినుంచి ఆ గుంపులో అతని పేరు సబ్బుబిళ్ళ. బల్లకు ఓ స్టీరింగు, బల్ల కింద పెడళ్ళు కూడా బిగించుకున్నాడు.

బ్రేకుల లెక్కలు రాసేది ఒక లెక్కల టీచరు. అతన్ని బాబాయ్ అని పిలుస్తుంది. డ్యూటీకి బయల్దేరుతూ ఆమెకు ఫోను చేశాడు.

"నిండు బస్సు ఖాళీ బస్సులాగే ఆగుతోందమ్మా."

"లెక్క ప్రకారం సరిగ్గానే ఉంది బాబాయ్."

"లెక్క ఎప్పుడూ బస్సెక్కలేదు కదమ్మా."

ఆమె నవ్వింది గాని, తొందరలో ఉంది. పెద్దబళ్ళ డ్రైవింగు స్కూలు ఒకటి మర్నాటినుంచి దీనిమీద నేర్పుతానంది. సాయంత్రం ఐదుకల్లా అంతా ముగించి వాళ్ళకివ్వాలి. "అనిపిస్తోందంటే మార్చలేను బాబాయ్. నాకు అంకెలు కావాలి."

"తెస్తాను," అన్నాడు.

డిపోలో అతని పని టైర్ల విభాగంలో. పొట్టి మనిషి, బట్టతల, అరచేతి గీతల్లో ఎంత తోమినా పోని రబ్బరు నలుపు. ఎడమవైపు నుంచి ఎవరైనా పిలిస్తే మెడంతా తిప్పి చూస్తాడు. ఆ కన్ను పనిచేయదు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు డ్రైవరు. ఒక సాయంత్రం, నిండు బస్సు, స్టాపు దగ్గర ఎడమపక్క నిలబడ్డ ముసలామె అతనికి కనపడలేదు. కనపడి తొక్కేసరికి బండి మరో నాలుగడుగులు ముందుకెళ్ళింది. ఆమె చేతిసంచి చిరిగి బంగాళాదుంపలు చక్రాల కిందికి దొర్లాయి. ఆమెకు గీటు కూడా పడలేదు. పైగా, "పోన్లే నాయనా, దుంపలేగా," అని అతన్నే ఓదార్చింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మర్నాడు అతనే వెళ్ళి కన్ను చూపించుకున్నాడు, ఆ కాగితం తనే తెచ్చి ఆఫీసులో ఇచ్చాడు. 'నోరు మూసుకుంటే ఇంకో పదేళ్ళు నడిచేదిగా,' అన్నారు తోటివాళ్ళు.

మరమ్మతు అయిన బస్సుల్ని యార్డులో తిప్పి చూసే డ్రైవరు అతని స్నేహితుడు. ఆ రోజు కొత్త బ్రేకులు వేసిన బస్సొకటి పరీక్షకు సిద్ధంగా ఉంది.

"బావా, ఒకసారి ఖాళీగా, ఒకసారి నిండుగా ఆపి చూపిస్తావా?"

"నిండుగానా? యాభైమందిని ఎక్కణ్ణుంచి తెమ్మంటావ్?"

అతను టైర్ల గుట్టవైపు చెయ్యి చూపించాడు. ఒక్కో టైరు ఇంచుమించు మనిషంత బరువు.

ఫోర్‌మన్ ముందు తిట్టాడు, తర్వాత ఎలాగూ పరీక్షేగా అని ఒప్పుకున్నాడు, చివరికి తనే ఒక టైరు దొర్లించుకొచ్చాడు. మధ్యాహ్నానికల్లా సీటుకొకటి చొప్పున యాభై టైర్లు కూర్చున్నాయి. "టిక్కెట్లు, టిక్కెట్లు!" అని అరిచాడు స్నేహితుడు. అందరూ నవ్వారు. అతను మాత్రం సుద్దతో నేలమీద గీత గీస్తూ చెమటలు కక్కుతున్నాడు. రెండుసార్లు ఆగి ఛాతీ రుద్దుకున్నాడు.

ఒకే వేగం, ఒకే గీత దగ్గర బ్రేకు. ఖాళీ బస్సు పది మీటర్లలో ఆగింది. నిండు బస్సు పదమూడున్నర.

"ఒక్కసారి నువ్వు తొక్కరాదూ," అన్నాడు స్నేహితుడు, సీటు దిగబోతూ. "యార్డులో నిన్నెవడు అడుగుతాడు?"

అతను స్టీరింగు వైపు కాసేపు చూశాడు. "వద్దులే బావా. కన్ను లేదని రాసిచ్చింది నేనేగా," అన్నాడు.

రెండు గంటలకు ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా అంకెలు పంపాడు. నాలుగింటికి టీచరు ఫోను.

"బాబాయ్, తప్పు నాదే. ప్రయాణికుల బరువు ఇంజనుకు చెప్పాను గాని, బ్రేకులకు చెప్పలేదు. దిద్దాను. చూడండి."

అతను బస్సును వాలు మీదికి తెచ్చాడు. ఎప్పటిచోటే తొక్కాడు. బస్సు ఆగనా వద్దా అన్నట్టు బరువుగా జారి, గీత దాటి, స్టాపు దాటి ఆగింది. వెనక్కెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఈసారి చాలా ముందే తొక్కాడు. సరిగ్గా ఆగింది.

"ఆఁ," అన్నాడు ఫోనులో. "ఇప్పుడు కూర్చున్నారమ్మా జనం."

"అయితే ఇచ్చేయనా?"

"ఇచ్చేయ్. నేను ఆఖరి స్టాపు దాకా వెళ్ళొస్తా."

భార్య మేడమీద ఆరిన బట్టలు తీసుకుని, మడతలు పెట్టి కిందికొచ్చింది. తెరమీద బస్సు ఆఖరి స్టాపులో తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. అతను కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. "అన్నం చల్లారిపోయింది, లేవండి," అంది. రెండోసారి అంటూ భుజం మీద చెయ్యి వేసింది.

ఐదోరోజు టీచరు వచ్చింది. పలచగా, సంచి భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర తడబడుతూ, "సబ్బుబిళ్ళ గారి ఇల్లు..." అని నాలిక కరుచుకుంది. భార్యకు ఆ పేరు తెలియదు. టీచరు కథంతా చెప్పింది. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఆ ఐదురోజుల్లో మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"డ్రైవింగు స్కూల్లో పన్నెండుమంది దీనిమీద నేర్చుకుంటున్నారు పిన్నీ. మొదటిరోజు అందరూ స్టాపు దాటేశారట. ఇప్పుడు ముందే తొక్కుతున్నారు."

"ఆయనకు చెబితే పొంగిపోయేవారు."

టీచరు ఆ కుర్చీలో కూర్చోలేక పక్కనే నిలబడింది. బల్ల కిందికి, పెడళ్ళ వైపు చూసింది.

"డ్యూటీ బూట్లమ్మా," అంది భార్య. "ఇంట్లో బూట్లేంటండీ అంటే వినేవారు కాదు. ఇందులో కూర్చోవాలంటే అవి వేసుకోవాల్సిందే. ఆవేళ నేనే విప్పాను."

నల్లబూట్లు, పాలిష్ పెట్టినవి, జతగా పక్కపక్కనే ఉన్నాయి; కుడిదాని మడమ వెనక అంచు పెడలు తొక్కీ తొక్కీ ఏటవాలుగా అరిగిపోయి, బూటు కొంచెం వెనక్కి ఒరిగి ఉంది.