కోటు బ్రష్

"ఇదుగో, మీ ఆయన పాట!" అంటూ షాపు యజమాని రేడియో పెంచేటప్పటికి, ఎవరో పెద్దమనిషి నల్లకోటు కాలరు మీద చుండ్రు దులుపుతోందామె. డ్రైక్లీనింగ్ షాపులో పద్దెనిమిదేళ్ళుగా ఆమె పని అదే. ఊళ్ళో ఎవరి తలలో ఎంత చుండ్రుందో వాళ్ళ పెళ్ళాలకన్నా ఆమెకే బాగా తెలుసు. పాట మొదలవగానే చేతిలో బ్రష్ దానంతటదే లయలో పడింది. చటుక్కున ఆపేసి కోటు తిరగేసింది.

పాట పేరు 'ఇంకాస్త ఉండు'. ఇరవై రెండేళ్ళ కిందట ఆమె భర్త పియానో వాయించగా ఒక గాయని పాడిన పాట. ఇద్దరూ జంటగా తెచ్చిన మొదటి ఆల్బమ్ 'రెండు కుర్చీలు'లోది. జాజ్ సంగీతమూ పాప్ సంగీతమూ కలగలిసిన ఆ పాట ఆ ఏడాది కాఫీ దుకాణాల నుంచి సిటీ బస్సుల దాకా మోగిపోయింది. రెండో ఆల్బమ్‌ని ఎవరూ పట్టించుకోలేదు. మూడోది రానే లేదు. ఒక్క పాటతో గొప్పవాడైన మనిషితో కాపురం ఎలా ఉంటుందంటే, ఇంటికి గ్యాసు బండ తెచ్చినవాడు కూడా ఆ పాట కథ విని వెళ్ళాల్సిందే.

ఆ గాయనంటే ఆమెకు కుళ్ళు. అబద్ధమెందుకు, కడుపులో కుంపటే. ముందుగదిలో ఆల్బమ్ అట్ట ఫ్రేము కట్టి ఉంటుంది. రికార్డింగ్ జరుగుతుండగా తీసిన ఫోటో అది. ఒక కుర్చీలో ఆయన, పక్క కుర్చీలో గాయని, తల వెనక్కి తిప్పి నవ్వుతూ. ఆ నవ్వు మీద దుమ్ము వారం వారం తుడవాల్సింది మాత్రం ఈవిడ. అక్కడికొచ్చేసరికి గుడ్డ కాస్త గట్టిగానే పడేది.

"అన్నయ్యా అని పిలిచినంత మాత్రాన తోడబుట్టిందయిపోదే పిచ్చిమొహమా, మొగుణ్ణి కనిపెట్టుకుని ఉండు" అనేది అత్తగారు బతికున్నన్నాళ్ళూ. ఆయనేమో, "నీకెందుకే అంత అసూయ? మేం కళాకారులం, నీకర్థం కాదులే, కాస్త కాఫీ పెట్టు" అనేవాడు. తల్లీ కొడుకూ కలిసి ఆమె మంటకు పేరు పెట్టేశారు, మొగుడి మీద అనుమానమని. ఆమె కూడా నమ్మేసింది. కానీ ఆయన రాత్రి ఆలస్యంగా వచ్చినప్పుడు ఆ మంట రేగేది కాదు. ఎప్పుడు రేగేదంటే, ఇదిగో, ఇలా రేడియోలో ఆ పాట వచ్చినప్పుడు. అదేం అనుమానమో ఆమెకే అంతుపట్టేది కాదు.

మధ్యాహ్నం ఆయన ఫోను చేశాడు. 'రెండు కుర్చీలు' మళ్ళీ విడుదల చేస్తున్నారు, కొత్త అట్టకి స్టూడియోలో ఫోటో ఇవాళే. "కోటు మర్చిపోయాను, ఇస్త్రీ చేసి పట్టుకురా. త్వరగా." భోజనం మానేసి ఇంటికెళ్ళి ఇస్త్రీ చేసింది. నల్లకోటుకి నూగు అంటుకుంటుందని బ్రష్ సంచీలో వేసుకుంది.

స్టూడియో తలుపు తీసేసరికి ఆయనా గాయనీ అటు తిరిగి ఏదో వింటున్నారు. పాత రికార్డింగుని శుభ్రం చేసే అమ్మాయి, గాయని గొంతు తీసేసి, పియానో కూడా తీసేసి, మిగిలింది వినిపిస్తోంది. స్ష్... స్ష్... సూట్‌కేసు మూత మీద బ్రష్ రాసిన చప్పుడు. కోటు పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. తన చెయ్యి తనకు తెలీదూ!

ఇరవై రెండేళ్ళ కిందట, ఆ పాట రికార్డు చేసిన రోజు డ్రమ్ములాయన రాలేదు. అన్నం క్యారేజీ తెచ్చి, మూల కూర్చుని భర్త కోటు దులుపుతోందామె. "వదినా, ఆ చప్పుడు బావుంది, ఆపకు" అంది గాయని. అక్కడున్న సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని, ఆ బ్రష్‌తోనే ఆమె తొమ్మిదిసార్లు వాయించింది. టీ పోసినవాడికి కూడా అట్ట మీద పేరుపేరునా కృతజ్ఞతలు వేశారు. ఆమె గురించి చివర ఒక్క ముక్క: 'నా ఇంటి దీపానికి ప్రేమతో.' రెండో ఆల్బమ్ నాటికి చంకలో బిడ్డ. "నువ్వు ఇల్లు చూసుకో" అన్నాడాయన.

"ఈ చెయ్యి ఎవరిది సార్? అట్ట మీద వేసే పేర్లు ఇవాళే పంపెయ్యాలి" అంది అమ్మాయి.

"ఎవరోనమ్మా, ఆ పూటకి కిరాయికొచ్చిన మనిషి. పేరు గుర్తులేదు" అన్నాడాయన.

"అదేంటన్నయ్యా, వదిన కదూ!" అంది గాయని.

"ఓ, అదా! ఏదో సరదాకి గీసింది. దానికీ పేరు వేస్తారా?"

"సరదా ఏంటి సార్? ఈ చెయ్యి ప్రతి దెబ్బా వెంట్రుకవాసి ఆలస్యంగా వేస్తోంది. అందుకే పాట వెళ్ళలేక వెళ్తున్నట్టుంది. మీ రెండో ఆల్బమ్‌లో ఈ చెయ్యి లేదు, అందుకే అది విని ఎవరూ ఆగరు" అంది అమ్మాయి, ఉన్నమాట చెబితే ఊరు అచ్చిరాదన్న బెంగ లేకుండా.

గాయని గుమ్మం వైపు తిరిగింది. జుట్టు నెరిసింది, నవ్వు మాత్రం అదే. "ఆ ఫోటోలో వెనక్కి తిరిగి నవ్వింది నిన్ను చూసే వదినా. కత్తిరించేశారు నిన్ను. అప్పుడే నోరు విప్పాల్సింది, నా పేరుంది కదా అని ఊరుకున్నాను."

ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది, ఎన్నడూ మండనంత. కాకపోతే ఈసారి సెగ ఎటునుంచి వస్తోందో తెలిసింది. ఆ ఫోటో తుడిచిన ప్రతిసారీ తన కళ్ళు గాయని పక్కన ఆయన కూర్చున్న కుర్చీ దగ్గరే ఆగేవి కదా అని గుర్తొచ్చింది.

"పేరు రాసుకోండమ్మా" అని అమ్మాయి దగ్గరకెళ్ళి, ఇంటిపేరుతో సహా చెప్పింది. పుట్టింటి ఇంటిపేరు.

ఫోటోగ్రాఫరు పిలిచాడు. ఆయన ఎప్పటిలాగే వెనక్కి చూడకుండా వీపు తిప్పి, చేతులు రెండూ వెనక్కి చాపాడు, కోటు తొడగమని. కాసేపు ఆ చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. ఆమె కోటు బల్ల మీద పడేసి, సంచీలోంచి బ్రష్ తీసింది.

ఆయన గొంతు తగ్గించి కసిరాడు. "ఇరవై రెండేళ్ళయినా ఆవిడ మీద నీ అసూయ పోలేదన్నమాట."

"నా అసూయ ఆవిడ మీద కాదండీ, మీ మీద" అంది ఆమె. "కాస్త జరగండి, నేను ఆవిడ పక్కన కూర్చోవాలి."