గూడబాతు సంతకం

అక్షరం చుట్టూ మిగిలిన స్టిక్కరును బ్లేడు మొనతో లేపి లాగితే, ఎక్కడా తెగకుండా ఒకే తీగలా ఊడిరావాలి. అలా వచ్చినప్పుడల్లా ఇమాం సాహెబ్ తనకు తనే "శభాష్" చెప్పుకుంటాడు. ఏలూరు పాత బస్టాండు పక్క సందులో ఆయనది రేడియం స్టిక్కర్ల కొట్టు. ఆటోల వెనక, చేపల బండ్ల వెనక పేర్లూ మంచిమాటలూ అంటిస్తాడు. అంతకుముందు చాలా ఏళ్లు కుంచెతో బోర్డులు రాశాడు. కుంచె పోయింది గాని అలవాటు పోలేదు. ఏ పనికైనా కింద మూలన చేసినవాళ్ల పేరుండాలి. పేరు లేనిది ఆయన లెక్కలో దొంగసొత్తే.

ఆ ఉదయం తీగ సగంలో ఉండగా ఫోన్ మోగింది. దారం కట్టిన కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని మెసేజి చదివాడు.

"సార్, ఏడుకొండలు గారి బండి మీద నా పేరు తీసేయండి. మా వాళ్లు చూశారు. నవ్వు తగ్గేంత కష్టం మా ఇంట్లో నీకేమొచ్చిందని అడుగుతున్నారు. ఫోన్ లాగేసుకుంటారట. మాట మాత్రం ఉంచండి, అది నాదే. జవాబు పెట్టకండి."

తీగ తెగింది.

రెండేళ్ల కిందట, కొల్లేరు పక్షుల వీడియో ఒకటి చూస్తుంటే దాని అడుగున ఎవరో రాసిన మాట కనబడింది. 'నీరు తగ్గితే చెరువు లోతు తెలుస్తుంది, నవ్వు తగ్గితే మనిషి లోతు.' బండి మీద పెట్టుకోవచ్చా అమ్మా అని, కొట్టు ఫోన్ నంబరు కూడా రాసి అక్కడే అడిగాడు. వాడుకోండి సార్ అంది. ఆమె ముఖం ఆయన చూడలేదు. ఫోటో ఉండాల్సిన చోట గూడబాతు బొమ్మ, పక్కన పేరూ ఊరూ ఉన్నాయి. ఏడుకొండలు బండి వెనక తలుపు మీద ఆ మాట అంటించి, కింద 'కృష్ణప్రియ, మండవల్లి' అని బుల్లి అక్షరాలు కోసి, ఎంత సంతోషిస్తుందో ఆ తల్లి అనుకున్నాడు. అప్పుడు ఆ బండి తాడేపల్లిగూడెం ఉల్లిపాయలు మోసేది. ఎక్కడో ఎవరో కృష్ణప్రియ అని జనం చదివి మరిచిపోయారు. ఈ నెల నుంచే మండవల్లి చేపలకు తిరుగుతోంది. పేరు తన ఊరు తానే వెతుక్కుంటూ వెళ్లినట్టయింది.

కొట్టు మూసి కైకలూరు బస్సెక్కాడు. గట్ల మీద కొంగలు ఆరేసిన పంచెల్లా తెల్లగా ఉన్నాయి. ఒళ్లో క్యారేజి విప్పితే, పెరుగన్నం అడుగున ఎప్పటిలాగే కొబ్బరి లౌజు. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టింది సాబిరా ఈ దాగుడుమూత. ఆవిడ ఎదురుగా లేకపోయినా ఆయన ఆశ్చర్యపోయి తీరాలి. ఇవాళ ఆ సంగతే మరిచాడు. లౌజు అలాగే ఉండిపోయింది.

మండవల్లి చేపల చెరువు దగ్గర బండి ఆపి, ట్రేలలో ఐసు కొడుతున్నాడు ఏడుకొండలు. పక్క టీ కొట్టులో వేడినీళ్లు అడిగి తెచ్చి, గుడ్డ తడిపి, పేరు మీద కాసేపు అదిమిపట్టాడు ఇమాం సాహెబ్. అక్షరాలు తెగకుండా వచ్చాయి. శభాష్ మాత్రం రాలేదు. తలుపు నీలిరంగు ఎండకు వెలిసి తెల్లబోయింది. స్టిక్కరు ఉన్నంతమేర కొత్తబండి నాటి నీలం. పేరు ఇదివరకటి కంటే బాగా కనిపిస్తోంది.

పెట్టెలో అడుగున తెల్ల రేడియం ముక్క ఒకటే ఉంది. మోకాలి మీద పెట్టుకుని, గీత గీయకుండానే గూడబాతును కోశాడు. సంచి ముక్కు, బరువు పొట్ట. పేరు మొత్తం దాని కిందికి పోయింది.

"ముక్కు మరీ పొడుగైందండీ సాయిబు గారూ. దానిక్కూడా టాక్సు కట్టమంటారేమో."

"ఏడుకొండలూ, ఇక్కడున్న పేరు నువ్వు చదవలేదు."

అతను నవ్వు ఆపి, ఆయన ముఖం చూశాడు. "లేదండీ" అన్నాడు.

ముక్కు అంచు వేలితో నొక్కుతుంటే వెనక గాజుల చప్పుడైంది. ఎవరో నడుస్తూ వచ్చి ఆగారు. తిరిగి చూడాలనిపించింది. ఆయన చూడలేదు. కాసేపటికి గాజుల చప్పుడు దూరమైంది.

ఇంటికొచ్చాక సాబిరా క్యారేజి ఏదని అడిగింది. మరిచిపోయానన్నాడు. లౌజు బాగుందా అంటే, చాలా బాగుందన్నాడు. తెల్లారి ఆవిడ టీ పట్టుకుని లేపితే ఇక లేవలేదు.

తర్వాత మూడో నాడు ఏడుకొండలు క్యారేజి తోమించి తెచ్చాడు. సాబిరా గుమ్మం లోపలే నిలబడి అందుకుంది. మూత తీసి చూసింది. వట్టిదే.

"తీపి ముక్క ఉందండీ, చీమలు పట్టేశాయి. పారేశాను" అన్నాడతను, తప్పు చేసినట్టు.

ఆవిడ మూత పెట్టేసింది. తర్వాత వాకిట్లోని బండి మీది మాట పైకే చదివింది.

"కింద పేరు లేదేం నాయనా? ఆయన పేరు లేకుండా వదలరే."

"ఆ బాతేనండీ పేరు."

"ఎవరిది?"

"తెలీదండమ్మా" అని తల దించుకున్నాడు ఏడుకొండలు.

బండి సందు మలుపు తిరిగింది. వెనక తలుపు మీద గూడబాతు ఎండకు తళుక్కుమంది. దాని రెక్క కింద, ఎండ తగలని చోట, రంగు ఇంకా నీలంగానే ఉంది.